పక్కన నిలబడ్డ బొమ్మ

కంటి ఆపరేషనయిన ఆరో రోజు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని అమీర్ బాషా తన కుట్టుమిషన్ల రిపేరు షాపు దగ్గరికి వచ్చేసరికి షట్టరు నేలదాకా దించి ఉంది. పొద్దున పదకొండు గంటలు. బిట్రగుంట స్టేషన్ రోడ్డులో మిగతా షాపులన్నీ తెరిచే ఉన్నాయి.

పక్కన టీకొట్టు ఆండ్రూ గ్లాసులు కడుగుతూ పలకరించాడు. "ఏం భాయ్, ఐదు రోజులనించీ మూసేస్తిరే! మిషన్లు ఎత్తుకొచ్చినోళ్ళు చూసి చూసి వెనక్కి పోతుండారు."

కొడుకు మతీన్ రోజూ తొమ్మిదింటికల్లా తాళంచెవులు తీసుకుని ఇంట్లోంచి బయలుదేరుతున్నాడు. సాయంత్రం నూనె మరకల చేతులతో తిరిగొస్తున్నాడు. "పని జరుగుతుండాదా?" అంటే "జరుగుతుండాది" అంటున్నాడు. మరి ఈ ఐదు రోజులూ వాడు ఎక్కడికి పోయినట్టు?

వంగి షట్టరు అంచు పట్టుకుని లాగాడు. తాళం లేదు. మూరెడు లేచేసరికి లోపలినుంచి ట్యూబులైటు వెలుగు బయటపడింది. మతీన్ నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కుట్టుమిషన్ తలకాయ ఒళ్ళో పెట్టుకుని షటిల్ బిగిస్తున్నాడు. గోడవారన నెలలతరబడి మూలపడ్డ మిషన్లు పదకొండు తుడిచి, నూనె వేసి, వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక కాగితం ముక్క కట్టి ఉంది. ఏం పాడయింది, ఏం మార్చాడు, ఎట్లా వాడాలి, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి.

"మూసుకుని చేస్తుండావేందిరా?"

మతీన్ తలెత్తలేదు. "తెరిస్తే అడుగుతారు."

"ఏం అడుగుతారు?"

"ఏదోటి."

అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు. బట్ట మీద కుట్టు శబ్దం విని మిషన్‌లో ఏ పన్ను అరిగిందో చెప్పగలడు. కావలి నుంచి కూడా దర్జీలు ఆ చేతిపనికోసం వచ్చేవాళ్ళు. కానీ వాళ్ళలో ఎవరూ అతని గొంతు విన్నది లేదు. షాపులో మాట బాషాది, పని మతీన్‌ది. పదిహేనేళ్ళనుంచి అట్లాగే నడిచింది. పిల్లవాడికి సిగ్గెక్కువ అని బాషా అందరికీ చెప్పేవాడు. తాను కూడా అదే నమ్మాడు. తానొక్క ఐదు రోజులు పక్కన లేకపోతే వాడు పట్టపగలు తనను తానే లోపల వేసుకుంటాడని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

ఆ మాట కూతురు షాహీన్‌కి ఫోనులో చెప్పుకున్నాడు. షాహీన్ కావలిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠాలు చెప్పే టీచరు. "వాణ్ణి ఎవరికన్నా చూపిద్దామని నేను రెండేళ్ళనించీ చెప్తుండా అబ్బా. నువ్వు వినలా. ఈసారి నేను తమ్ముణ్ణి నెల్లూరు తీసుకపోతా. వాడు ఒప్పుకున్నాడు" అంది.

"వాడు ఒప్పుకున్నాడా? నాకు చెప్పలేదే!"

"నువ్వు అడగలేదు గదా."

నెల్లూరులో ఆమె చూపించిన మానసిక నిపుణురాలి పేరు వినీల. చిన్నవయసే. రెండు పూటలు మతీన్‌తో కూర్చుంది. మూడో పూట తల్లీతండ్రినీ పిలిచి చిన్నప్పటి సంగతులు అడిగింది. చివరికి ఆమె చెప్పిన మాట విని బాషా కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఆటిజమా? అది చిన్నపిల్లలకు గదా మేడం?"

"చిన్నప్పుడూ ఉంది బాషా గారూ. అప్పుడు ఎవరూ గుర్తుపట్టలేదు, అంతే."

"మందులేమన్నా..."

"ఇది జబ్బు కాదండీ, మందు వెయ్యడానికి. మతీన్ మెదడు పనిచేసే తీరే అంత. దాన్ని మార్చే పని నాది కాదు. కానీ మనుషుల మధ్యకు పోవాలంటే అతనికి గుండెలు జారిపోతున్నాయి చూశారా, ఆ భయం వేరు. దాన్ని తగ్గించుకోవడానికి సాయం చెయ్యగలను."

మతీన్ తల్లి బడేబీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. బాషాకి ఏడుపు రాలేదు. చెవుల్లో రైలు పోతున్నట్టు హోరు. ఇరవై తొమ్మిదేళ్ళు తన ఒడిలో, తన పక్కన, తన షాపులో పెరిగిన కొడుక్కి తనకు తెలియని ఒక పేరు ఉందట.

వినీల ఒక నల్లటి పెట్టెలాంటిది చూపించింది. కళ్ళమీద పెట్టి తలకు పట్టీతో బిగించుకోవాలి. పెట్టుకుంటే చుట్టూ బొమ్మల లోకం కనబడుతుంది. మెడికల్ షాపు, బస్సు, ఆఫీసు కౌంటరు, పెళ్ళి భోజనాల బంతి, వీటిలో ఏదైనా పెట్టొచ్చు. ఎదుటి బొమ్మ మాట్లాడుతుంది, మనం జవాబు చెప్పాలి. ఆ బొమ్మ మాటలు నిజానికి వినీలే మైకులో గొంతు మార్చి మాట్లాడుతుంది. ఇది కొత్త పద్ధతి, కొందరికి పనిచేస్తుంది, కొందరికి పనిచెయ్యదు, ముందే చెబుతున్నా, అంది.

మొదటిసారి మతీన్ నాలుగు నిమిషాలకే కళ్ళు తిరుగుతున్నాయని తీసేశాడు. రెండోసారి పది నిమిషాలున్నాడు. ఆ తర్వాత వారం వారం శనివారం మెమూ రైలెక్కి తండ్రీకొడుకులు నెల్లూరు వెళ్ళడం అలవాటైంది. బాషా బయట బెంచీమీద కూర్చునేవాడు. లోపల ఏం జరుగుతోందో అతనికి తెలియదు. "ఎట్టా ఉందిరా?" అని ఒకసారి రైల్లో అడిగితే, మతీన్ కిటికీలోంచి చూస్తూ చాలాసేపటికి, "ఆడ ఆపమంటే ఆగుతారు" అన్నాడు.

ఆరో శనివారం వినీల బయటికి వచ్చింది. "మీరు లోపలికి వచ్చి చూడొచ్చని మతీన్ ఒప్పుకున్నాడు. రండి. చూస్తూ కూర్చోండి, ఏమీ మాట్లాడకండి."

గదిలో మతీన్ నల్లపెట్టె తగిలించుకుని మధ్యలో నిలబడి ఉన్నాడు. వేలికి చిన్న క్లిప్పు పెట్టారు. అతను చూస్తున్నది గోడమీది తెరలో కనబడుతోంది. మందుల అరలు, గాజు కౌంటరు, వెనక మీసాల బొమ్మ. తెర మూలన గుండె కొట్టుకునే లెక్క, డెబ్భై తొమ్మిది.

"ఏం కావాలి?" అంది బొమ్మ మగ గొంతుతో.

ఒక క్షణం, రెండు, మూడు. బాషా కుర్చీ చేతులు పట్టుకున్నాడు. ఆరు. ఏడు.

"మా అమ్మీకి మోకాళ్ళ నొప్పి పట్టీ కావాలి" అన్నాడు మతీన్. "పోయినసారి ఇచ్చింది దురద పెట్టింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. రాత్రిపూట గోక్కుంటుంది. వేరే రకం ఇవ్వండి."

"నొప్పి ఎన్నాళ్ళనుంచి?"

"నాలుగు నెలలనుంచి. ఎడమ మోకాలు ఎక్కువ. మెట్లు దిగేటప్పుడు ఎక్కువ, ఎక్కేటప్పుడు తక్కువ."

ఆ గొంతు నిదానంగా, తడబడకుండా, పుస్తకం చదివినట్టుగా ఉంది. పరాయి మనిషితో కొడుకు వరసగా నాలుగు మాటలు మాట్లాడగా బాషా పుట్టి బుద్ధెరిగాక వినలేదు. పైగా బడేబీకి ఆ పట్టీ దురద పెట్టిందన్న సంగతి అతనికే తెలియదు. కొని తెచ్చిందే తను!

వినీల అతనివైపు చూసి చిన్నగా తలాడించింది. కీబోర్డు మీద ఏదో నొక్కింది.

తెరలో మతీన్‌కి కుడిపక్కన ఇంకో బొమ్మ వచ్చి నిలబడింది. పెద్దవయసు మగమనిషి. తెల్లచొక్కా, నెరిసిన గడ్డం. అది మాట్లాడదు, కదలదు. ఊరికే పక్కన ఉంటుంది.

"ఏం కావాలి?" అంది కౌంటరు బొమ్మ మళ్ళీ.

మతీన్ పలకలేదు. తెరమీద కౌంటరు నెమ్మదిగా పైకి జరిగిపోయి గచ్చు కనబడింది. అంటే తల దించేశాడు. మూలన లెక్క తొంభై ఏడు. నూట పన్నెండు. చేతివేళ్ళు ఒకదాన్నొకటి పిసుక్కుంటున్నాయి.

"బాబూ, ఏం కావాలి?"

నూట ఇరవై ఆరు. క్షణాలు గడుస్తున్నాయి.

"మోకాళ్ళ నొప్పి పట్టీ అండీ! దురద పెట్టంది!"

ఆ కేక ఎవరిదో బాషాకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. కేక తనదే. కుర్చీలోంచి లేచి, లేని షాపులో, లేని మనిషికి, కొడుకు బదులు తను జవాబు చెప్పాడు.

మతీన్ రెండు చేతులతో నల్లపెట్టె తీసి బల్లమీద పెట్టాడు. ముఖమంతా చెమట. తండ్రిని చూడలేదు. గోడను చూస్తూ, "అదే" అన్నాడు వినీలతో. "చూసినారు గదా. అదే."

వినీల బల్లసొరుగులోంచి ఒక కాగితం తీసింది. "మతీన్, ఇది చూపించమంటావా?" మతీన్ తలాడించాక బాషా చేతికిచ్చింది. భయాల జాబితా అట. చిన్నదానినుంచి పెద్దదానికి, కొడుకు చేతిరాతలో. ఆండ్రూ టీ తాగుతావా అనడం. టికెట్ కౌంటర్. ఖాళీ లేని బస్సు. పెళ్ళిలో భోజనం. పోలీసు ఆపడం. అన్నిటికన్నా చివర, కింద రెండు గీతలు గీసి: ఎవరైనా నన్ను అడిగినప్పుడు అబ్బా పక్కన ఉండడం.

కొత్తగా చూపు వచ్చిన కన్నుతో బాషా ఆ వరస మూడుసార్లు చదివాడు.

"నేను... నేను నిన్ను కాపాడుతుండాననుకున్నా గదరా."

మతీన్ గోడనే చూస్తున్నాడు. వినీల మాట్లాడబోయి ఆగింది. బాషాకి ఇంకో మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళమధ్య నాలుక పెట్టి నొక్కుకున్నాడు. చాలాసేపటికి మతీన్ అన్నాడు.

"ఎవరన్నా అడిగితే నేను మాట వెతుక్కుంటుంటా అబ్బా. దొరికేలోపల నువ్వు చెప్పేస్తావు. దొరికిన మాటని అప్పుడు యాడ పెట్టాలో నాకు తెలీదు."

తిరుగు రైల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. బాషాకి ఒక పాత పొద్దు గుర్తొచ్చింది. ఆరేళ్ళ మతీన్‌ని బడిలో చేర్చడానికి తీసుకెళ్తే హెడ్మాస్టరు పద్మనాభయ్య "నీ పేరేంటి బాబూ?" అని అడిగాడు. పిల్లవాడు కళ్ళు చికిలించి పైకప్పు చూశాడు. నోరు తెరిచాడు కూడా. అప్పుడే, "మతీన్ అండీ" అన్నాడు బాషా. ఆ రోజు మొదలుపెట్టి ఇరవై మూడేళ్ళు చెబుతూనే ఉన్నాడు. డాక్టర్లకు చెప్పాడు. చుట్టాలకు చెప్పాడు. ఆధార్ ఫోటో తీసేవాడికి, షాపుకొచ్చిన ప్రతి దర్జీకీ చెప్పాడు. ఒక్కటంటే ఒక్క ప్రశ్న కొడుకుదాకా చేరనివ్వలేదు. అదే ప్రేమ అనుకున్నాడు.

ఇంటికొచ్చి బడేబీకి అంతా చెప్పాడు. ఆమె అన్నం వడ్డిస్తూ విన్నది. "నన్నెవరన్నా అడిగినా నువ్వే గదా చెప్పేది" అంది. "పోయిన నెల ఆస్పత్రిలో డాక్టరమ్మ నా మోకాలు పట్టుకుని నొప్పి యాడుందని అడిగితే, నువ్వు జెప్పినావు."



అలవాటు మానడం సులువు కాలేదు. వినీల చెప్పింది, ఎవరైనా మతీన్‌ని అడిగినప్పుడు మీరు మనసులో ఇరవైదాకా లెక్కపెట్టండి, అని. బాషా షాపులో మాట ఆపుకోవడానికి ఒక లవంగం దవడన పెట్టుకునేవాడు. ఎనిమిది అనేసరికే మాట బయటపడేది. ఒకరోజు పట్టుకోలేక లేచి ఆండ్రూ కొట్టుకు పోయి నిలబడ్డాడు. అక్కడినుంచి చూస్తే, కొత్త దర్జీ ఒకడు విసుక్కుని మిషన్ ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఇంకో ముసలి దర్జీ మాత్రం స్టూలు లాక్కుని కూర్చుని ఆగాడు. మతీన్ అతనికి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో బాషాకి వినబడలేదు. పోయి అడగాలన్న కోరికను లవంగంతో పాటు నమిలి మింగాడు.

నాలుగు నెలలయ్యాక మతీన్ ఒక సాయంత్రం అన్నాడు. "జువ్వలదిన్నెకు ఈసారి నేనొక్కణ్ణే పోతా."

జువ్వలదిన్నెలో రెబెక్కమ్మ అనే ఆవిడ మత్స్యకారుల ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పే కేంద్రం నడుపుతుంది. సముద్రపు ఉప్పుగాలికి అక్కడి పన్నెండు మిషన్లూ ఊరికూరికే తుప్పుపడతాయి. ఎప్పుడూ తండ్రీకొడుకులు స్కూటర్ మీద పోయి, తండ్రి మాట్లాడి, కొడుకు బాగుచేసి వచ్చేవాళ్ళు. షాహీన్ ఒక ఆదివారం చుట్టూ కనబడేట్టు తీసే కెమెరా వినీల దగ్గర అడిగి తీసుకుని, హార్బరు దారి, కేంద్రం వాకిలి, లోపల కూర్చున్న ఆడవాళ్ళు, అంతా తీసింది. దాన్ని నల్లపెట్టెలో చూస్తూ మతీన్ నెల్లూరులో ఆ గదిలో నిలబడే తొమ్మిదిసార్లు జువ్వలదిన్నె పోయొచ్చాడు. పదోసారి నిజంగా బయలుదేరాడు. సంచిలో పనిముట్లు, మోత తగ్గడానికి చెవులకు పెట్టుకునే మఫ్‌లు. ఆటో ఎక్కేముందు వెనక్కి తిరిగి చూడలేదు.

గంటకు బాషా ఫోను మోగింది.

"అబ్బా."

తర్వాత మాట లేదు. వెనక చేపల వేలంపాట కేకలు, బోటు ఇంజన్ల మోత, ఎవరో ఐసు కొడుతున్న చప్పుడు. అదేరోజు బోట్లన్నీ ఒక్కసారి ఒడ్డుకు చేరినట్టున్నాయి. నల్లపెట్టెలో ఆ మోత ఇంత లేదు. వాసన అసలే లేదు. కొడుకు ఊపిరి ఎగశ్వాసగా వినిపిస్తోంది.

"యాడున్నావురా? ఆడే ఉండు. కదలబాకు. వస్తుండా!"

ఫోను జేబులో వేసి స్కూటరు తీశాడు. షాపు తాళం కూడా వెయ్యలేదు. నేనే చంపుకున్నాను వాణ్ణి, బొమ్మల్ని నమ్ముకుని పంపాను, అనుకుంటూ బోగోలు దాటాడు. రొయ్యల గుంటల దగ్గర మళ్ళీ మోగితే బండి ఆపి తీశాడు.

"రాబాకబ్బా."

"ఏందీ?"

"నేను చెప్పడానికి చేసినా. రమ్మనడానికి కాదు." మధ్యలో చాలా వ్యవధి. బాషా లెక్కపెట్టలేదు, లెక్క మర్చిపోయాడు. "ఐసు పెట్టెల వెనక కూర్చోనుండా. మఫ్‌లు పెట్టుకున్నా. ఈడ ఆపమంటే ఆగరు. వాళ్ళు ఆగాక పోతా. నువ్వు రాబాకు."

ఫోను పెట్టేశాడు.

బాషా స్కూటరు పక్కన రోడ్డుమీద నిలబడిపోయాడు. ముందుకు పోతే ఐదు నిమిషాలు. గుంటల్లో గాలి చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆ కొడుకు జీవితంలో తనకు "వద్దు" అని చెప్పడం ఇదే మొదటిసారి. దానికి సంతోషించాలో భయపడాలో అతనికి తెలియలేదు. రెండుసార్లు బండి స్టార్ట్ చేశాడు, రెండుసార్లు ఆపాడు. రొయ్యల కాపలావాడు వచ్చి "పెట్రోలు అయిపోయిందా సాయిబూ?" అని అడిగితే, "మా వాడు రావద్దన్నాడు" అన్నాడు. కాపలావాడు వింతగా చూసి వెళ్ళిపోయాడు.

ఎండ నడినెత్తికొచ్చాక ఫోను మోగింది. ఈసారి రెబెక్కమ్మ.

"ఏం భాయ్, మీవోడు నన్ను అంత కోప్పడతాడేంది!"

"కోప్పడినాడా? ఎవరు, మతీనా?"

"మరెవరు? మిషన్లకు కొబ్బరినూనె పోస్తుండామని తెలిసిపోయినాది. కొబ్బరినూనె గడ్డ కడతాదంట, షటిల్ పట్టేస్తాదంట, యంత్రాన్ని హింస పెట్టినట్టంట. అరగంటనించీ ఒకటే పాఠం. ఆడపిల్లలంతా సూదులు కింద పెట్టి వింటుండారు. చాల్లే నాయనా అంటే ఆపలా! వచ్చినప్పుడు గంటసేపు వాకిట్లోనే ఉన్నాడు. పలకరిస్తే పలకలా. నేనూ పోనీలే అని ఊరుకున్నా. ఇప్పుడేమో ఆపమన్నా ఆపడు. ఇన్నేళ్ళూ ఈ పిల్లోడు మూగోడనే అనుకున్నా భాయ్ నేను. నిజం!"

బాషా రోడ్డు పక్క రాయిమీద కూలబడ్డాడు. నవ్వు వచ్చింది. నవ్వుతుంటే కంట్లోంచి నీళ్ళు కారాయి. ఆపరేషనయిన కన్ను మండింది. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళు తన కొడుకుని మూగవాడనుకున్నారు. అనుకునేట్టు చేసింది తనే. ఆ దెబ్బ తగిలిన చోటనే ఆ సంతోషం కూడా వచ్చి తగిలింది. ఏది ఏదో విడదీసుకోలేకపోయాడు.

అన్నీ మారిపోలేదు. జువ్వలదిన్నెనుంచి వచ్చాక మతీన్ రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు, అన్నం కూడా సరిగా తినలేదు. అలసట అది, కొంచెం కొంచెంగా పోవాలి, తొందరపెట్టకండి, అని వినీల ఫోనులో చెప్పింది. ఇప్పుడు నెలకొకసారి, బోట్లు తక్కువుండే పూట చూసుకుని పోతున్నాడు. ఒక్కోసారి దారిలోంచే తిరిగొస్తాడు. బస్సు అతనికి ఇంకా చేతకాలేదు. పెళ్ళి భోజనాల బొమ్మను ఒకసారి చూసి, ఇది నాకు అక్కర్లేదు, నాకు పెళ్ళిళ్ళలో తినాలని లేదు అని వినీలకు చెప్పేశాడట. ఆమె దాన్ని జాబితాలోంచి కొట్టేసింది. అట్లా కొట్టెయ్యొచ్చని కూడా బాషాకి అప్పుడే తెలిసింది.

మొన్న విడవలూరులో బడేబీ అన్న కూతురి నిఖాకు బాషా దంపతులిద్దరే వెళ్ళారు. బిర్యానీ పళ్ళెం ముందు కూర్చున్న బావమరిది అడిగాడు. "మతీన్ రాలేదేంది బావా? ఒంట్లో బాగలేదా? ఏదో చికిత్స చేయిస్తుండారంట గదా, యాడిదాకా వచ్చినాది?"

బాషా నోరు తెరిచాడు. చెప్పడానికి చాలా ఉంది. శనివారాల రైలు, నల్లపెట్టె, మీసాల బొమ్మ. నోరు మూసి, చెయ్యి తుడుచుకుని, ఫోను తీసి కొడుకు నంబరు కలిపి బావమరిది చేతిలో పెట్టాడు.

"వాణ్ణే అడుగు."

బావమరిది చెవి దగ్గర పెట్టుకుని అడిగాడు. ఎదురుచూశాడు. ఫోను తీసి తెర చూశాడు. "కట్టయిపోయినట్టుంది బావా, ఉలుకూ పలుకూ లేదు."

"కట్టు కాలేదు" అన్నాడు బాషా. "ఉండు. చెప్తాడు."